ట్యూన్ చేసిన కారుతో కాలిఫోర్నియా స్మాగ్ చెక్: ఏ పని ముందు, ఏ పని తర్వాత

"అన్నా, నిరుడు ప్లేనోలో పాస్ అయిన కారే ఇది. ఇక్కడ ఫ్రీమాంట్‌లో ఫెయిల్ అంటున్నాడు. చెక్ ఇంజిన్ లైటు కూడా వెలగట్లేదు. డబ్బులకోసం చేస్తున్నాడంటావా?"

ఉద్యోగం మారి టెక్సాస్ నుంచి బే ఏరియాకు వచ్చిన తమ్ముడి ఫోను ఇది. కాలిఫోర్నియాలో కార్లకు పెట్టే కాలుష్య పరీక్ష, అదే స్మాగ్ చెక్, దాని గురించే గొడవ. రిపోర్టు ఫొటో తీసి పంపమన్నాను. లైటు, కోడ్‌లు, మానిటర్లు అన్నీ పాస్. సాఫ్ట్‌వేర్ దగ్గర ఒక్కచోటే ఫెయిల్. షాపువాడి తప్పేమీ లేదు. కారు కంప్యూటర్‌లో ఉన్నది కంపెనీ ఇచ్చిన ప్రోగ్రామ్ కాదని మెషిన్ పట్టేసింది. పవర్ కోసం ఆ ప్రోగ్రామ్‌ను మార్చడాన్నే ట్యూన్ అంటారు.

ఇలాంటి ప్రశ్నలు తరచూ వస్తున్నాయి కాబట్టి మొత్తం వరుస ఇక్కడ రాస్తున్నాను. ఇది 2000, ఆ తర్వాతి మోడల్ పెట్రోల్ కార్లకు. మెషిన్ కళ్లుగప్పే చిట్కాలు ఇందులో ఉండవు. కారును నిజంగా నిబంధనలకు లోబడేలా చేసి పాస్ చేయించుకునే దారి ఒక్కటే ఉంటుంది.

1. పరీక్ష ఎవరికి పెడుతున్నారు?

హైదరాబాద్‌లో పెట్రోల్ బంకు పక్కన పొల్యూషన్ చెకింగ్ బండి ఉంటుంది కదా. అక్కడ సైలెన్సర్‌లో గొట్టం పెట్టి పొగ కొలుస్తారు. ఆ అలవాటుతో చాలామంది "నా కారు పొగ రాదు, ఎందుకు ఫెయిల్?" అంటారు. ఇక్కడ 2000, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు ఆ గొట్టమే లేదు. స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ పోర్టుకు కేబుల్ తగిలించి కారు కంప్యూటర్‌నే ప్రశ్నలు అడుగుతారు. బానెట్ ఎత్తి విడిభాగాలు చూస్తారు, కంటికి కనిపించే పొగ ఉందేమో చూస్తారు.

కంప్యూటర్‌ను అడిగేవి ప్రధానంగా నాలుగు:

- చెక్ ఇంజిన్ లైటు వెలగమని ఆదేశం ఉందా?
- రెడీనెస్ మానిటర్లు పూర్తయ్యాయా? అంటే కారు తన క్యాటలిస్టునూ (పొగను శుభ్రం చేసే భాగం) సెన్సార్లనూ తాను పరీక్షించుకుందా?
- పర్మనెంట్ కోడ్‌లు, అంటే స్కానర్‌తో చెరిపినా పోని లోపం నంబర్లు, ఉన్నాయా? ఇది 2010, ఆ తర్వాతి మోడళ్లకు.
- లోపల ఉన్న సాఫ్ట్‌వేర్ ఎవరిది?

నాలుగోది 2021 జూలై 19 నుంచి అమల్లో ఉంది. ప్రతి ఈసీయూలో, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్‌లో, ప్రోగ్రామ్‌కు ఒక పేరు ఉంటుంది, దాన్ని క్యాల్ ఐడీ అంటారు. ఆ ప్రోగ్రామ్ మొత్తాన్ని లెక్కగట్టి తీసిన ఒక సంఖ్య కూడా ఉంటుంది, అది సీవీఎన్. సాఫ్ట్‌వేర్ పనిలో ఉన్నవాళ్లకు చెక్‌సమ్ అంటే చాలు, అర్థమైపోతుంది. ట్యూనర్ ఇంధనం పట్టికలో ఒక్క గడి మార్చినా సీవీఎన్ మారిపోతుంది. కంపెనీ సాఫ్ట్‌వేరో, కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డు ఆమోదించిన సాఫ్ట్‌వేరో కాకపోతే ఫెయిల్. ఈ బోర్డునే అందరూ కార్బ్ అంటారు. అది ఇచ్చే ఆమోదం పేరు ఎగ్జిక్యూటివ్ ఆర్డర్, వాడుకలో ఈఓ నంబర్.

2. మీ కారు ఏ కోవలోది?

ముందు ఇది తేల్చుకోండి. మిగతా పనంతా దీన్ని బట్టే ఉంటుంది.

*ఈఓ ఉన్న ట్యూన్.* మీకు పెద్దగా పని లేదు. ఆ ఈఓ పత్రాన్ని కార్బ్ వెబ్‌సైటులో తెరిచి మీ కారు సంవత్సరం, మోడల్, ఇంజిన్ అందులో ఉన్నాయో లేదో చూడండి. పత్రంలో 2017 నుంచి అని ఉండి మీది 2016 అయితే ఆ నంబర్ మీకు పనికిరాదు. లేబుల్ బానెట్ కింద అతికించి ఉండాలి. ఆ ట్యూన్ మీద స్నేహితుడు "కాస్త బూస్ట్ పెంచా" అని చేయి పెట్టి ఉంటే అది ఈఓ ట్యూన్ కానట్టే.

*ఆఫ్ రోడ్ ట్యూన్.* అంటే ఈఓ లేని, మామూలు రోడ్డు మీద వాడకూడని ట్యూన్. ఎక్కువమందిది ఇదే. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి వెళ్లాల్సిందే.

*పిగ్గీబ్యాక్ బాక్స్.* ఇది ఈసీయూలో రాతను ముట్టుకోదు. సెన్సార్లకూ ఈసీయూకూ మధ్య కూర్చుని అంకెలు మార్చి చెబుతుంది. సీవీఎన్ మారదు కాబట్టి భయం లేదనుకుంటారు. ఈఓ లేకపోతే కంటిచూపు పరీక్షలో పోతుంది. వైరింగ్‌తో సహా తీసేయండి.

*సెకండ్ హ్యాండ్ కారు, లోపలేముందో తెలియదు.* అన్నిట్లో ఇదే చిక్కు. ఈ కోవలో ఉంటే 5వ భాగంలో డీలర్ దారి చూడండి.

3. ఎప్పుడు మొదలుపెట్టాలి

డీఎంవీ (రాష్ట్ర వాహన రిజిస్ట్రేషన్ శాఖ) నుంచి రెన్యూవల్ కాగితం వచ్చి, అందులో స్మాగ్ సర్టిఫికేట్ కావాలని ఉన్న రోజే మొదలుపెట్టండి. ఆఖరి వారం దాకా ఆగొద్దు. స్టార్ స్టేషన్‌కే (రాష్ట్రం ప్రత్యేకంగా గుర్తించిన షాపు) వెళ్లాలని రాసి ఉందేమో కూడా చూడండి. రాసి ఉంటే మామూలు షాపు సర్టిఫికేట్ చెల్లదు.

నా లెక్కలో నాలుగు వారాలు కావాలి: విడిభాగాలకు ఒకటి, ఫ్లాష్ చేసి, అంటే ఈసీయూలో ప్రోగ్రామ్ ఎక్కించి, కారు నడపడానికి రెండు, ఏదైనా తేడా వస్తే సరిచేసుకోడానికి ఒకటి. సర్టిఫికేట్ 90 రోజులు చెల్లుతుంది కాబట్టి ముందే చేయించుకుంటే నష్టమేమీ లేదు.

వేరే రాష్ట్రం నుంచి పాత కారు తెచ్చుకుని ఇక్కడ మొదటిసారి రిజిస్టర్ చేయిస్తున్నవాళ్లు ఇంకా ముందే మేల్కోవాలి. ఇల్లు, బడి, కొత్త ఆఫీసు హడావుడిలో కారు సంగతి ఆఖరుకు గుర్తొస్తుంది.

4. సాఫ్ట్‌వేర్ కంటే ముందు ఇనుము, ఇంధనం

చాలామంది తడబడేది ఇక్కడే. ట్యూన్ తీసేసినంత మాత్రాన కారు కంపెనీ నుంచి వచ్చినప్పటిలా అయిపోదు. కంపెనీ సాఫ్ట్‌వేర్ కంపెనీ భాగాలనే ఊహించుకుని రాసింది. పెద్ద ఇంజెక్టర్లు, వెడల్పు ఇన్‌టేక్ పైపు అలాగే ఉంచి స్టాక్, అంటే కంపెనీ ప్రోగ్రామ్, ఫ్లాష్ చేస్తే గాలి లెక్క, పెట్రోల్ లెక్క రెండూ తప్పుతాయి. టర్బో కారులో మిశ్రమం లీన్ అయిందంటే, అంటే గాలికి తగినంత పెట్రోల్ లేకపోతే, ఇంజిన్‌కే ముప్పు.

అందుకని ముందుగా కంపెనీ భాగాలను తిరిగి బిగించండి, ఆ వెంటనే అక్కడికక్కడే ఫ్లాష్ చేయండి. రెండింటి మధ్య కారు నడపొద్దు.

చూసుకోవాల్సినవి:

- ఇన్‌టేక్: ఈఓ ఉన్నదైతే లేబుల్‌తో ఉంచుకోవచ్చు. లేదంటే కంపెనీ ఎయిర్ బాక్స్ వెనక్కి.
- డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగను బయటకు తీసుకెళ్లే పైపు): క్యాటలిస్టు లేనిది పెట్టి ఉంటే కంపెనీది వెనక్కి రావాల్సిందే. వెనక ఆక్సిజన్ సెన్సార్‌కు స్పేసర్లు పెట్టి నెట్టుకొద్దామనుకోకండి. అది చట్టవిరుద్ధం, పైగా బానెట్ కింద చూసేవాడికి దొరుకుతుంది.
- బయట కొన్న క్యాటలిస్టు: దానిమీద ఈఓ నంబర్ చెక్కి ఉండాలి, అది మీ మోడల్‌కు సరిపోవాలి.
- ఇంజెక్టర్లు, ఫ్యూయెల్ పంపు, బూస్ట్ సొలెనాయిడ్: ట్యూన్ కోసం మార్చినవన్నీ వెనక్కి.
- వాక్యూమ్ గొట్టాలు: విప్పి బిగించేటప్పుడు పగిలేవి ఇవే. చేత్తో వంచి చూడండి, గట్టిపడి ఉంటే మార్చేయండి.

ఈ85 (ఇథనాల్ ఎక్కువగా కలిపిన ఇంధనం) ట్యూన్ వాడేవాళ్లకు ఇంకో పని ఉంది. ట్యాంకులో ఇథనాల్ ఉండగా కంపెనీ సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, ఫ్లెక్స్ ఫ్యూయెల్ కారు కానిదానికి మిశ్రమం లీన్ అయి పీ0171 లాంటి కోడ్ వస్తుంది. ఫ్లెక్స్ సెన్సార్ ఉన్న ట్యూన్ అయితే ఆ ట్యూన్ మీదే ట్యాంకు అడుక్కు తెచ్చి, 91 ఆక్టేన్ పెట్రోల్ పోసి, ఇంకోసారి అలాగే చేశాక ఫ్లాష్ చేయండి. సెన్సార్ లేని ఈ85 ట్యూన్ అయితే మెకానిక్‌తో ట్యాంకు ఖాళీ చేయించండి.

5. కంపెనీ సాఫ్ట్‌వేర్‌కు వెనక్కి

కాబ్ యాక్సెస్‌పోర్ట్ లాంటి ట్యూనింగ్ పరికరం మొదటిసారి ట్యూన్ ఎక్కించినప్పుడే కంపెనీ ప్రోగ్రామ్‌ను దాచి ఉంచుకుంటుంది. అన్‌ఇన్‌స్టాల్ నొక్కితే అదే వెనక్కి వస్తుంది. ఇక్కడొక పొరపాటు జరుగుతుంది. పరికరంలోని మ్యాప్‌ల (ట్యూన్ ఫైళ్ల) జాబితాలో "స్టాక్" అనే పేరుతో కనిపించే మ్యాప్ వేరు, అన్‌ఇన్‌స్టాల్ వేరు. మొదటిది ట్యూనింగ్ కంపెనీ తయారు చేసిన, స్టాక్‌లాంటి మ్యాప్. మనకు కావాల్సింది రెండోది.

ఫ్లాష్ చేసేముందు:

- బ్యాటరీకి చార్జర్ లేదా మెయింటెయినర్ తగిలించండి. పాత బ్యాటరీని నమ్ముకోవద్దు.
- హెడ్‌లైట్లు, ఏసీ బ్లోయర్, డాష్‌క్యామ్ ఆపండి.
- ఇప్పుడున్న క్యాల్ ఐడీ, సీవీఎన్ ఫొటో తీసుకోండి.
- ల్యాప్‌టాప్‌తో చేసేవాళ్లు దాన్ని కరెంటుకు పెట్టి, ఆటోమేటిక్ అప్‌డేట్లు ఆపేయండి. సగంలో రీస్టార్ట్ అయితే ఈసీయూ మొరాయిస్తుంది. అప్పుడు కారు టో ట్రక్కు మీదే కదులుతుంది.

అయ్యాక మళ్లీ క్యాల్ ఐడీ, సీవీఎన్ చదవండి. సీవీఎన్ ముందున్నదే మళ్లీ వస్తే ఫ్లాష్ సరిగా జరగలేదు. మారితే మంచిదే, కానీ మారినంత మాత్రాన కంపెనీది అయిపోయినట్టు కాదు. ట్యూన్ చేయించకముందు తీసుకున్న అంకె మీ దగ్గరుంటే దానితో పోల్చండి. ఇంకా ట్యూన్ చేయించనివాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఈ ఒక్క ఫొటో ఇవాళే తీసి పెట్టుకోండి.

పరికరం పోయినా, సెకండ్ హ్యాండ్ కారైనా డీలర్ దగ్గరికి వెళ్లడమే దారి. "సర్వీస్ చేయండి" అనకండి. "ఈసీయూలో ఇప్పుడున్న క్యాల్ ఐడీ, సీవీఎన్ కంపెనీవేనా చూడండి, కాకపోతే కంపెనీ ప్రోగ్రామ్ మళ్లీ ఎక్కించండి" అని స్పష్టంగా చెప్పి వర్క్ ఆర్డర్ మీద రాయించండి. చార్జీ ఎంతో ముందే అడగండి. పాత ఈసీయూ తీసి వేరే కారుది పెట్టి ఉంటే అదీ ఇక్కడే బయటపడుతుంది. ఈసీయూలో ఉన్న వీఐఎన్ (కారు గుర్తింపు నంబర్), అద్దం దగ్గర ప్లేటు మీదున్న వీఐఎన్ ఒకటే కావాలి.

6. మానిటర్లు పూర్తి చేయడం

నేను బోల్తా పడింది ఇక్కడే. నాది 2015 సుబారు డబ్ల్యూఆర్ఎక్స్, ఆదివారం రాత్రి గరాజ్‌లో ఫ్లాష్ చేశాను. సోమవారం లంచ్ టైములో ఆఫీసు దగ్గర షాపుకు వెళ్లాను. ఎనిమిది మైళ్లు నడిచి ఉంటుందేమో. ఆయన కేబుల్ పెట్టి, రెండు నిమిషాలు స్క్రీను చూసి, "ఎప్పుడు రీసెట్ చేశావ్?" అని అడిగాడు. ఫ్లాష్ చేయగానే మానిటర్లన్నీ సున్నాకు వెళ్తాయని నాకు అప్పటిదాకా తెలియదు. ఫీజు పోయింది, సర్టిఫికేట్ రాలేదు.

2000, ఆ తర్వాతి పెట్రోల్ కార్లకు కాలిఫోర్నియాలో ఎవాప్ మానిటర్ ఒక్కటే అసంపూర్తిగా ఉండొచ్చు. మిగతావన్నీ పూర్తయి ఉండాలి. ఎవాప్ అంటే పెట్రోల్ ఆవిరి బయటకు కారకుండా చూసే ఏర్పాటు. దాని పరీక్ష బాగా సతాయిస్తుంది కాబట్టి ఈ వెసులుబాటు.

మోడల్‌ను బట్టి పద్ధతి కాస్త మారుతుంది. తయారీ కంపెనీ చెప్పిన డ్రైవ్ సైకిల్ (మానిటర్లు పూర్తయ్యేలా కారు నడిపే వరుస) దొరికితే దాన్నే పాటించండి. దొరకకపోతే ఇది చాలా కార్లకు పనిచేస్తుంది:

1. ట్యాంకు పావుకూ ముప్పావుకూ మధ్య ఉంచండి. ఇలా నడిపే రోజుల్లో మధ్యలో పెట్రోల్ పోయొద్దు.
2. కారును రాత్రంతా, కనీసం ఎనిమిది గంటలు కదపకుండా ఉంచండి.
3. పొద్దున స్టార్ట్ చేసి రెండు మూడు నిమిషాలు అలాగే వదలండి. రిమోట్ స్టార్ట్ వద్దు.
4. పది నిమిషాలు వీధుల్లో, సిగ్నళ్ల మధ్య మెల్లగా నడపండి.
5. ఫ్రీవే ఎక్కి 55 నుంచి 60 మైళ్ల వేగం దగ్గర పదిహేను నిమిషాలు నిలకడగా పోనివ్వండి. యాక్సిలరేటర్ మీద కాలు కదలకూడదు.
6. వెనక ఎవరూ లేనప్పుడు ఎగ్జిట్ దగ్గర కాలు తీసేసి, బ్రేకు వేయకుండా వేగం దానంతటదే తగ్గనివ్వండి. రెండు మూడుసార్లు ఇలా చేయండి.
7. చివర్లో రెండు నిమిషాలు ఐడిల్.

ఇదే వరుసను మూడు నాలుగు రోజులు చేయండి. ఐదో అంకె దగ్గరే చాలామందికి కుదరదు. పొద్దున తొమ్మిదింటికి రద్దీగా ఉండే 880 ఫ్రీవే మీద ఆఫీసుకు వెళ్తూ "రోజూ నలభై నిమిషాలు నడుపుతున్నా, క్యాటలిస్టు మానిటర్ రావట్లేదు" అంటారు. అది నడపడం కాదు, పాకడం. ఆదివారం పొద్దున ఆరున్నరకు 280 ఫ్రీవే ఎక్కి శాన్ హోసే నుంచి ఉత్తరానికి వెళ్లి రండి. నాకు వారమంతా రానిది ఆ ఒక్క పూటలో వచ్చింది.

పర్మనెంట్ కోడ్‌ల సంగతి. స్కానర్‌తో కోడ్ చెరిపేసినా ఇవి పోవు. లోపం నిజంగా సరైందని కారు తనకు తాను తేల్చుకున్నాకే పోతాయి. చివరిసారి చెరిపాక కనీసం 15 వార్మప్ సైకిళ్లు, 200 మైళ్లు పూర్తయి ఉంటే మాత్రం పరీక్షలో వీటిని లెక్కలోకి తీసుకోరు. వార్మప్ సైకిల్ అంటే ఊరికే స్టార్ట్ చేయడం కాదు. కూలెంట్ వేడి స్టార్ట్ చేసినప్పటికంటే కనీసం 40 ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగి, 160కి చేరాలి. ఇండియన్ స్టోర్ ముందు పది నిమిషాలు ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే అది సైకిల్ కిందకు రాదు, ఇంజిన్ చల్లబడనే లేదు కదా.

ఇలా నడిపే రోజుల్లో ముఖ్యంగా చేయకూడనివి రెండు: బ్యాటరీ తీయడం, "ఎందుకైనా మంచిది" అని కోడ్‌లు చెరపడం. రెండింట్లో ఏది చేసినా మళ్లీ మొదటికొస్తారు.

7. ఇంట్లో ముందు మీరే చూసుకోండి

మానిటర్లు చూపే చిన్న బ్లూటూత్ ఓబీడీ అడాప్టర్, ఫోన్‌లో ఒక యాప్ చాలు. కొనేముందు పర్మనెంట్ కోడ్‌లు, సీవీఎన్ చదువుతుందో లేదో చూసుకోండి. చవకవి కొన్ని చదవవు.

- లైటు: ఇగ్నిషన్ ఆన్ చేస్తే వెలగాలి, ఇంజిన్ స్టార్ట్ అయ్యాక ఆరాలి. బల్బే వెలగకపోయినా ఫెయిల్.
- స్టోర్డ్, పెండింగ్ కోడ్‌లు: ఏమీ ఉండకూడదు. పెండింగ్ కోడ్ ఉండగా వెళ్తే షాపుకు చేరేలోపే లైటు వెలగొచ్చు.
- పర్మనెంట్ కోడ్‌లు: లేకపోవాలి, లేదా 15 సైకిళ్లూ 200 మైళ్లూ దాటి ఉండాలి. ఈ రెండు అంకెలనూ యాప్ చూపిస్తుంది.
- మానిటర్లు: ఎవాప్ తప్ప అన్నీ పూర్తి.
- జాబితాలో క్యాటలిస్టు మానిటర్ ఉందా? "అసంపూర్తి" అని ఉంటే ఇంకా నడపాలి. అసలు ఆ పేరే లేకపోతే, లేదా "వర్తించదు" అని ఉంటే ఆగండి. ట్యూనర్ ఆ మానిటర్‌ను ఆపేశాడన్నమాట. లోపల ఇంకా ట్యూనే ఉంది.

8. షాపులో

పరీక్షకు చల్లారిన కారుతో వెళ్లొద్దు. ఇరవై నిమిషాలు నడిపి, వేడిగా తీసుకెళ్లండి. అడాప్టర్ పోర్టులోంచి తీసేయండి. ఈఓ పత్రాలుంటే ప్రింట్ తీసి పట్టుకెళ్లండి, లేబుల్ ఎక్కడుందో మీరే చూపించండి.

అనుమానం ఉంటే ముందు ప్రీ టెస్ట్ అడగండి. దాంతో సర్టిఫికేట్ రాదు, ఎక్కడ తేడా కొడుతుందో తెలుస్తుంది. ఈ మాట కేబుల్ తగిలించాక కాదు, తాళం ఇచ్చేముందే చెప్పాలి. నిజం దాచొద్దు. "ట్యూన్ ఉండేది, తీసేశాను" అంటే మంచి షాపువాడు ఎక్కడ చూడాలో అక్కడ చూస్తాడు.

9. ఫెయిల్ అయితే

రిపోర్టులో ఏ వరుస ఫెయిల్ అయిందో చదివాకే చేయి పెట్టండి.

*సాఫ్ట్‌వేర్ ఫెయిల్, మీరు ట్యూన్ తీశారు.* అన్‌ఇన్‌స్టాల్ చేశారా, స్టాక్ పేరున్న మ్యాప్ వేశారా చూడండి. అన్‌ఇన్‌స్టాలే చేసి ఉంటే డీలర్‌తో కంపెనీ ప్రోగ్రామ్ పూర్తిగా ఎక్కించండి. ఆ తర్వాత 6వ భాగం మళ్లీ మొదటినుంచి.

*కంపెనీ సాఫ్ట్‌వేరే, అయినా ఫెయిల్.* డీలర్ వర్క్ ఆర్డర్ పట్టుకుని స్మాగ్ చెక్ రెఫరీ అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఇలాంటి పేచీల కోసం రాష్ట్ర బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్ పెట్టిన ఏర్పాటే అది. షాపువాడితో వాదించి లాభం లేదు, మెషిన్ చెప్పింది ఆయన మార్చలేడు.

*పీ0420 వచ్చింది.* క్యాటలిస్టు సామర్థ్యం తగ్గిందని అర్థం. రిచ్ ట్యూన్ (పెట్రోల్ ఎక్కువ పోసే ట్యూన్) మీద ఏళ్లతరబడి నడిపిన కార్లలో క్యాటలిస్టు నిజంగానే పోయి ఉండొచ్చు. కొత్తది కొనేముందు ఎగ్జాస్ట్ జాయింట్ల దగ్గర లీకు, వెనక సెన్సార్ చూపించండి. డౌన్‌పైప్ మార్చినప్పుడు గాస్కెట్ పాతదే పెట్టి ఉంటే ముందు అనుమానించాల్సింది దాన్నే.

*పీ0171 వచ్చింది.* మిశ్రమం లీన్ అయిందని అర్థం. ఇథనాల్ మిగిలి ఉందా, వాక్యూమ్ గొట్టం ఏదైనా ఊడిందా చూడండి. నా కారులో ఎయిర్ బాక్స్ వెనక సన్న గొట్టం ఒకటి బిగించడం మర్చిపోయాను. చేత్తో నొక్కితే సరిపోయింది. దాని కోసం రెండు రోజులు వెతికాను.

*కంటిచూపులో ఫెయిల్.* రిపోర్టులో ఆ భాగం పేరు ఉంటుంది. ఈఓ వెతకండి, దొరక్కపోతే తీసేయండి.

10. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు

2025 జనవరి 1 నుంచి సొంత కార్లకు సేఫ్టీ ఇన్‌స్పెక్షన్ ఎత్తేశారు. ఎమిషన్స్ పరీక్ష మాత్రం పోలేదు. డాలస్, కాలిన్, డెంటన్, టారంట్, హ్యారిస్, ఫోర్ట్ బెండ్, ట్రావిస్, విలియమ్సన్ లాంటి కౌంటీల్లో అది ఉంది. అంటే ఫ్రిస్కో, ఇర్వింగ్, షుగర్ ల్యాండ్, రౌండ్ రాక్ వాళ్లు తప్పించుకోలేదు. 2001, ఆ తర్వాతి కార్లకు ఒక మానిటర్ అసంపూర్తిగా ఉన్నా ఒప్పుకుంటారు. పరీక్ష ఎక్కువగా లైటు, మానిటర్ల చుట్టూనే తిరుగుతుంది. తమ్ముడి కారు ప్లేనోలో పాస్ అయింది అందుకే. అంతమాత్రాన అక్కడ ఆ ట్యూన్ రోడ్డు మీద చట్టబద్ధం అనుకోకండి. కాలుష్య నియంత్రణ భాగాల జోలికి పోవడాన్ని ఫెడరల్ క్లీన్ ఎయిర్ యాక్టే నిషేధిస్తుంది.

పాస్ అయిన మర్నాడే పాత ట్యూన్ మళ్లీ ఎక్కించుకోవచ్చా అని ప్రతివాడూ అడుగుతాడు. ఈఓ లేనిదైతే వద్దు. కాలిఫోర్నియా వెహికల్ కోడ్ 27156 ఏడాది పొడవునా ఉంటుంది, స్మాగ్ రోజు ఒక్కటే కాదు. అంత సరదా ఉంటే మీ మోడల్‌కు ఈఓ ఉన్న ట్యూన్ వెతుక్కోండి. నేను అలా వెతికి, దొరక్క, స్టాక్ మీదే ఉండిపోయాను. ఆ రిపోర్టు, సీవీఎన్ ఫొటో గ్లవ్ బాక్స్‌లో ఒకే కవర్లో పెట్టాను. రెండేళ్లకు మళ్లీ కావాలి.